జవాద్ సలీం

బాగ్దాదు నగరంలోని తహ్రీర్ కూడలిలో ఎత్తైన రాతి ఫలకం ఒకటి ఉంది. దాని పొడవు 50 మీటర్లు. దానిమీద 14 కంచు శిల్ప సముదాయాలు వరుసగా అమరి ఉన్నాయి. మనకు అలవాటైన రీతిలో ఎడమనుండి చూడనారంభిస్తే కథ తలక్రిందులవుతుంది. అరబ్బీ పద్యపాదాన్ని చదివినట్లు దానిని కుడినుండి ఎడమకు చదువుకోవాలి. ఆ శిల్పకావ్యానికి కర్త జవాద్ సలీం.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఆయన అంకారాలో జన్మించాడు. తండ్రి ఉస్మానియా సామ్రాజ్య సైన్యంలో అధికారి. చిత్రలేఖనమంటే ఆయనకు మక్కువ. ఆ అభిరుచి బిడ్డలకూ అబ్బింది. 1938లో జవాద్ పారిస్‌కు, మరుసటి ఏడు రోమ్‌కు వెళ్ళి శిల్పవిద్య నేర్చాడు. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం ముంచుకురావడంతో చదువు సగంలో ఆగి, స్వదేశానికి తిరిగి వచ్చాడు.

నష్టంగా తోచిన ఆ రాకే ఆయనకు గొప్ప మేలు చేసింది. బాగ్దాదు పురావస్తు ప్రదర్శనశాలలో ప్రాచీన శిల్పాలను బాగుచేసే ఉద్యోగం దొరికింది. వేల యేండ్లనాటి సుమేరియా, అస్సీరియా విగ్రహాలను నిత్యం చేతులతో తాకుతూ, వాటి విరుగులను సరిచేస్తూ ఆయన తన నేలను తెలుసుకున్నాడు. పాఠశాలలో ఏ గురువూ చెప్పని పాఠమది. యుద్ధకాలంలో బాగ్దాదుకు వచ్చిన పోలెండు చిత్రకారుల సాంగత్యం వలన రంగుల మర్మమూ బోధపడింది. 1946లో లండన్ వెళ్ళి స్లేడ్ కళాశాలలో చదివాడు. సహవిద్యార్థిని లోర్నాను వివాహమాడాడు. ఆమెయూ చిత్రకారిణియే.

ఐరోపాలో నేర్చినదానిని యథాతథంగా తెచ్చి బాగ్దాదులో నిలబెట్టడం సులభం. పూర్వుల పనినే మరల మరల గీయడం అంతకన్న సులభం. ఈ రెండూ ఆయనకు రుచించలేదు. 1951లో షాకిర్ హసన్ అల్ సయీద్ మొదలైన మిత్రులతో కలిసి బాగ్దాదు ఆధునిక కళాబృందాన్ని స్థాపించాడు. 1237లో హరీరీ మఖామాత్ ప్రతిని రమ్యమైన చిత్రాలతో అలంకరించిన యహ్యా అల్ వాసితీని ఆ బృందం తన పూర్వాచార్యునిగా తలచింది. జవాద్ చిత్రాలలో నెలవంక పదే పదే కనబడుతుంది. అది ముఖమవుతుంది, కన్నవుతుంది, పడవ అవుతుంది. అరబ్బీ లేఖకుని కలం నుండి జారే వంపు ఆ గీతలలో ఉన్నది. అక్షరం వ్రాయకుండానే లిపి సొగసును పట్టుకోవడం ఆయన ప్రత్యేకత.

1958 జులై 14న ఇరాకులో రాచరికం కూలిపోయింది. ఆ విప్లవానికి స్మారకాన్ని నిర్మించే బాధ్యత జవాద్‌కు అప్పగించబడింది. ఫలకాన్ని రూపొందించినవాడు వాస్తుశిల్పి రిఫత్ చాదిర్జీ. కుడివైపున గుర్రం, నిరసన జనం, దుఃఖించే తల్లి. నడుమ చెరసాల కటకటాలను విరుచుకొని దూకుతున్న సైనికుడు. ఆపైన శాంతి, ఇద్దరు స్త్రీల రూపంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు. ఎడమ చివర శ్రామికుడు. పాలకుడైన అబ్దుల్ కరీం ఖాసిం తన రూపమూ అందులో ఉండాలని ఆశించినట్లు చెబుతారు. ఒత్తిడి ఎంతటిదో గాని, కూడలిలో నిలిచిన శిల్పంలో ఆ ముఖం మాత్రం లేదు. రాజును చెక్కి ఉంటే ఆ రాజుతోపాటే శిల్పమూ పడిపోయి ఉండేదేమో! 1963లో ఖాసిం ప్రభుత్వం కూలి, ఆయన హతుడైనాడు.

కంచు బొమ్మల పోత ఇటలీలోని ఫ్లారెన్సులో జరిగింది. అవి బాగ్దాదు చేరి ఫలకానికి ఎక్కుతున్న రోజులలో జవాద్‌కు గుండెపోటు వచ్చింది. 1961 జనవరి 23న ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయస్సు నలభై ప్రాంతం. మిగిలిన పనిని లోర్నా, శిష్యుడు మహమ్మద్ ఘనీ హిక్మత్ తదితరులు దగ్గరుండి పూర్తి చేయించారు. 1961లోనే స్మారకం ఆవిష్కృతమైంది.

2003 యుద్ధంలో బాగ్దాదు కళా ప్రదర్శనశాలలు దోపిడీకి గురై, ఆయన కృతులు అనేకం చెల్లాచెదరైనాయి. తహ్రీర్ కూడలిలోని ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. 2019 అక్టోబరులో ఉద్యోగాలకోసం, న్యాయమైన పాలనకోసం వీధులకెక్కిన ఇరాకు యువకులు ఆ కంచు గుర్రం నీడనే గుమిగూడారు.