అరణ్యమునకు బాలశిక్ష

పుస్తకము చదివి ఈత నేర్చుకొనుట సాధ్యము కాదని లోకులందురు. చదవేస్తే ఉన్నమతి పోయినదని వెక్కిరించు సామెతయు మనకు తెలిసినదే. అడవిలో విడిది చేయుట, తడికట్టెలతో నిప్పు రాజవేయుట, దారి తప్పినప్పుడు దిక్కు గుర్తించుట వంటి విద్యలు తండ్రి చేతినుండి కొడుకు చేతికి, పెద్ద వేటగాని వలన చిన్న వేటగానికి సంక్రమించునవి. అట్టి విద్యను అచ్చుపుటలలో ఇమిడ్చి, పట్టణములలో పుట్టి పెరిగినవారు సయితము చదివి నేర్చుకొనునట్లు చేసినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన హోరేస్ కెఫార్ట్. అతడు వృత్తిచే వేటగాడు కాడు, సైనికుడును కాడు. యౌవనమంతయు గ్రంథాలయములలో గడపిన పండితుడు.

కెఫార్ట్ 1862 సెప్టెంబరు 8వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈస్ట్ సేలమ్ అను గ్రామమున జన్మించినాడు. అతని బాల్యములోనే కుటుంబము పడమరకు తరలి, అప్పటికి జనసమ్మర్దము లేని అయోవా మైదానములలో స్థిరపడినది. ఆడుకొనుటకు తోడుపిల్లలు లేని ఆ బయళ్ళలో తల్లియే అతనికి తొలి గురువు. ఆమె అతని చేతిలో పెట్టిన మొదటి పుస్తకము రాబిన్సన్ క్రూసో కథ. జనములేని దీవిలో ఒంటరిగా గుడిసె కట్టుకొని బ్రదికిన నావికుని కథ ఆ బాలుని మనస్సులో ఎంత లోతుగా నాటుకొన్నదో అతని తరువాతి చరిత్రయే చెప్పుచున్నది.

పెద్దచదువులు ముగిసిన తరువాత కెఫార్ట్ కార్నెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో పనిచేసినాడు. అక్కడి గ్రంథపాలకుడు విల్లర్డ్ ఫిస్క్ ఇటలీ దేశమునకు పోయి, పెట్రార్క్ మహాకవికి సంబంధించిన గ్రంథములను అపారముగా సేకరించుచుండెను. వానికి పట్టిక కూర్చుటకై కెఫార్ట్ కూడ ఆ దేశమునకు పోయినాడు. తిరిగివచ్చి 1887లో లారా మాక్ అను యువతిని వివాహమాడినాడు. యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో కొంతకాలము పనిచేసిన పిమ్మట, 1890లో సెయింట్ లూయీ నగరములోని మర్కంటైల్ గ్రంథాలయమునకు అధిపతియైనాడు. అప్పటికి అతని వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములు మాత్రమే. చక్కని ఉద్యోగము, అనుకూలవతియైన భార్య, క్రమముగా ఆరుగురు బిడ్డలు. లోకదృష్టిలో అతనికి కొరతయన్నది లేదు.

సెయింట్ లూయీ నగరము ఒకప్పుడు పశ్చిమారణ్యములకు పోవు బాటసారులకు వాకిలివంటిది. ఆ బాటసారుల యాత్రాకథనములను, దినచర్యలను, పటములను కెఫార్ట్ పట్టుదలతో సేకరించినాడు. సేకరించుటతో తృప్తిపడక వానిని చదివినాడు. ఒక గొడ్డలి, ఒక కంబళి, గుప్పెడు ఉప్పు తోడుగా వందల మైళ్ళు నడచినవారి కథలు అవి. సెలవు చిక్కినప్పుడెల్ల అతడు సమీపారణ్యములకు పోయి, చదివినదానిని చేసి చూచెడివాడు. గుడారపు గుడ్డలలో ఏది వాననీటికి ఆగును, ఏ తుపాకి గుండు ఎంతదూరము నేరుగా పోవును అను విషయములపై పత్రికలకు వ్యాసములు వ్రాసెడివాడు.

ఈ దశలో అతనికి పరోక్షగురువైనవాడు నెస్మక్. ఇది కలము పేరు. అసలు పేరు జార్జి వాషింగ్టన్ సియర్స్. వృత్తి చెప్పులు కుట్టుట. బాల్యమున నారగాన్సెట్ తెగకు చెందిన నెస్మక్ అను ఆదివాసి అతనికి అడవి విద్య నేర్పినాడు. ఆ ఋణము తీర్చుకొనుటకే కాబోలు, గురువు పేరునే శిష్యుడు తన కలమునకు పెట్టుకొన్నాడు. పొట్టివాడు, బక్కవాడు, ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడినవాడు అగుటచే బరువు మోయుట అతనికి అసాధ్యము. అందుచే బరువు తగ్గించుటయే అతని శాస్త్రమైనది. 1883లో అతడు అడిరాండాక్ సరస్సులలో నడపిన చిన్నపడవ బరువు పదిన్నర పౌన్లు. పడవతో కలిపి అతని సామగ్రి యంతయు 26 పౌన్లకు మించలేదు. 1884లో అతడు వ్రాసిన వుడ్‌క్రాఫ్ట్ అను చిన్నపుస్తకము అడవికి పోవుట కష్టములు పడుటకు కాదనియు, తెలివి కలవాడు అక్కడ సుఖముగా ఉండగలడనియు బోధించినది. 1890లో నెస్మక్ మరణించినాడు. కెఫార్ట్ తన గ్రంథమును అతని స్మృతికే అంకితము చేసినాడు. ఒక ఆదివాసి నోటిమాట చెప్పులు కుట్టువాని పుస్తకమై, ఆ పుస్తకము ఒక గ్రంథపాలకునకు గురూపదేశమైన వైనము ఇది.

కాని అడవిపై మక్కువ పెరిగినకొలది నగరజీవితము అతనికి భారమైనది. మద్యపానము అలవాటై వ్యసనముగా ముదిరినది. గ్రంథాలయపు పనులు కుంటుపడినవి. పాలకవర్గము అసంతృప్తి చెందినది. 1903లో అతడు ఉద్యోగము వదలుకొనవలసివచ్చినది. 1904లో మనస్సు పూర్తిగా చెదరి, చికిత్స అవసరమైనది. లారా ఆరుగురు బిడ్డలతో ఇథాకా నగరమునకు పోయి, వారిని తానే పెంచి పెద్దచేసినది. వివాహబంధము తెగలేదు గాని కాపురము మరల నిలువలేదు. కెఫార్ట్ కీర్తిని చెప్పువారు ఈ ఇల్లాలి కష్టమును మరచుట న్యాయము కాదు. అతడు అడవిలో ఒంటరిగా బ్రదుకుట నేర్చుకొన్న సంవత్సరములలో ఆమె నగరములో ఒంటరిగా సంసారమును ఈదినది.

తండ్రి ఇంట కొంత కోలుకొన్న తరువాత కెఫార్ట్ పటములు ముందు వేసుకొని, మనుష్యసంచారము మిక్కిలి తక్కువగా ఉండు ప్రదేశమును వెదకినాడు. ఉత్తర కరొలైనా, టెనెసీ రాష్ట్రముల సరిహద్దున గ్రేట్ స్మోకీ పర్వతములు కలవు. శిఖరములపై నీలిపొగవలె మంచు వ్రేలాడుచుండుటచే వానికి ఆ పేరు వచ్చినది. అక్కడి విశేషములు తెలిసికొనుటకు అతడు గ్రంథాలయములు గాలించినాడు. మార్గదర్శకమైన పుస్తకము ఒక్కటియు దొరకలేదు. పుస్తకములే జీవితముగా బ్రదికినవాడు పుస్తకము లేని చోటికి పోవ నిశ్చయించుకొన్నాడు.

1904 చివర అతడు హేజెల్ క్రీక్ అను కొండవాగు ప్రాంతమునకు చేరినాడు. వచ్చునప్పటికి నిలువలేని స్థితిలో ఉండెననియు, గ్రాన్విల్ కాల్హూన్ అను స్థానికుడు తన ఇంటికి గొనిపోయి, పథ్యపానములతో స్వస్థపరచెననియు అక్కడివారు చెప్పుకొందురు. పిమ్మట మూతబడిన ఒక రాగిగని సమీపమున, దుంగలతో కట్టిన గుడిసెలో కెఫార్ట్ ఒంటరిగా కాపురము పెట్టినాడు. వంట, కట్టెలు కొట్టుట, బట్టలకు మాసికలు వేయుట అన్నియు తానే. ఇరుగుపొరుగు కొండవారితో ఎలుగుబంటి వేటకు పోయినాడు. వారి పలుకుబళ్ళను, వైద్యములను, పాకవిధానములను నోటుపుస్తకములలో వ్రాసికొన్నాడు. గ్రంథాలయములో పుస్తకములకు పట్టిక కూర్చిన చేయి ఇప్పుడు చెట్లకు, వాగులకు, మాటలకు పట్టిక కూర్చినది.

ఆ తపస్సు ఫలముగా 1906లో క్యాంపింగ్ అండ్ వుడ్‌క్రాఫ్ట్ గ్రంథము వెలువడినది. 1916, 1917 సంవత్సరములలో అది రెండు సంపుటములుగా విస్తరించినది. మనదేశమున అక్షరము మొదలు లెక్కలవరకు సర్వము బోధించిన పెద్దబాలశిక్ష వంటిది ఇది అరణ్యవాసమునకు. విడిదికి ఎట్టి స్థలము తగును, పడక ఎట్లు సవరించుకొనవలెను, గొడ్డలికి పదును ఎట్లు పెట్టవలెను, రొట్టె ఎట్లు కాల్చవలెను, ముడులు ఎన్ని విధములు, ఏ ఆకు తినదగినది అను విషయములన్నియు ఇందు కలవు.

నిప్పును గూర్చిన అతని బోధ ఒక్కటి చూచినను గ్రంథము విలువ తెలియును. కట్టె అంతయు ఒకటి కాదని అతడు చెప్పినాడు. పైన్ వంటి మెత్తని చెట్ల జిగురుకట్టె వెంటనే అంటుకొనును గాని నిప్పుకణికలు నిలువవు. హికరీ వంటి గట్టికట్టె నెమ్మదిగా అంటుకొని, చాలసేపు నిలిచెడి కణికల నిచ్చును. కావున మొదటిది రాజవేయుటకు, రెండవది వంటకు. వంటకు చిన్నమంట చాలును, చలి కాచుకొనుటకు పెద్దమంట వేరుగా కావలెను. వానలో తడిసిన దుంగ పైభాగము పనికిరాకపోయినను, చీల్చి చూచినచో లోపల పొడికట్టె దొరకును. తెలిసినవానికి ఇవి చిన్నమాటలు. తెలియనివానికి చలిరాత్రి ప్రాణములు నిలుపు మాటలు.

దారి తప్పుటను గూర్చిన ప్రకరణము ఇంకను ముఖ్యమైనది. దారి తప్పితినని తోచినంతనే మనుష్యుడు పరుగెత్తును. పరుగుతో భయము పెరుగును, భయముతో మతి పోవును. కావున మొదట చేయవలసినది కూర్చుండుట. తరువాత పుల్లతో నేలపై పటము గీసి, నడచివచ్చిన వాగులను, మిట్టలను జ్ఞప్తికి తెచ్చుకొనుట. చెట్టుకు ఉత్తరదిశనే నాచు పట్టునను లోకోక్తిని అతడు గ్రుడ్డిగా నమ్మలేదు. నాచు తేమను అనుసరించి పెరుగును. ఒక్క చెట్టును చూచి దిక్కు నిర్ణయించువాడు మోసపోవును, పెక్కు చెట్లను పరిశీలించువానికి కొంత ఆధారము దొరకును. లోకప్రసిద్ధమైన మాటనైనను పరీక్షించి గాని గ్రహింపరాదను శాస్త్రదృష్టి గ్రంథమంతట కనిపించును.

పుస్తకము చదివినంతనే అరణ్యవిద్య పట్టువడునని అతడు భ్రమపెట్టలేదు. సామగ్రిని ముందుగా ఇంటియొద్దనే సవరించుకొని, ప్రతి వస్తువును తూచి, అనవసరమైనది తీసివేయవలెనని నేర్పినాడు. చదువుట, చేయుట, తప్పు దిద్దుకొనుట, మరల చదువుట. ఇదియే అతని బోధనాక్రమము.

1910 నుండి కెఫార్ట్ బ్రైసన్ సిటీ అను చిన్నపట్టణములో నివసించినాడు. 1913లో అవర్ సదరన్ హైలాండర్స్ అను గ్రంథమున కొండవారి జీవితమును వర్ణించినాడు. ఒకప్పుడు ఏ గ్రంథాలయములోను దొరకని పుస్తకమును ఈ విధముగా తానే వ్రాసినాడు. దొంగసారాయి కాచుటను, పగలను గూర్చి ఎక్కువగా వ్రాసి, తమ సాధారణ సంసారములను తక్కువగా చూపినాడని ఆ ప్రాంతమువారిలో కొందరు నొచ్చుకొన్నారు. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయినను వారి భాషను, ఆచారములను అంత ఓపికతో వ్రాసిపెట్టినవారు ఆ కాలమున అరుదు.

ఇంతలో కలపకంపెనీలు కొండలలోనికి రైలుదారులు వేసినవి. వందల సంవత్సరముల వయస్సుగల వృక్షములు నేలగూలినవి. తనకు ప్రాణము పోసిన అడవి కన్నులయెదుట కరగిపోవుచుండగా కెఫార్ట్ మరల కలము పట్టినాడు. ఆ పర్వతములను జాతీయోద్యానముగా ప్రకటింపవలెనని వ్యాసములు, లేఖలు వ్రాసినాడు. ఈ పనిలో అతనికి కుడిభుజమైనవాడు జపాను దేశీయుడైన జార్జి మాసా. మాసా బరువైన ఛాయాచిత్ర యంత్రమును మోసికొని శిఖరములెక్కి చిత్రములు తీసినాడు. సైకిలుచక్రమునకు కొలమానము కట్టి, దానిని దొర్లించుకొనుచు కాలిబాటల దూరములు కొలిచినాడు. అమెరికా తూర్పుభాగమున మిక్కిలి పొడవైన అపలాచియన్ కాలిబాట స్మోకీలలో ఎటు పోవలెనో నిర్ణయించుటలోను ఈ మిత్రులిద్దరు తోడ్పడినారు.

1926లో అమెరికా కాంగ్రెసు ఉద్యానమునకు అనుమతి నిచ్చినది. రెండు రాష్ట్రముల ప్రభుత్వములు ధనమిచ్చినవి. బడిపిల్లలు చిల్లరనాణెములు కూడబెట్టి ఇచ్చినారు. 1928లో రాక్‌ఫెల్లర్ నిధినుండి అయిదు మిలియన్ డాలర్లు లభించినవి. అయితే ఆ భూములన్నియు నిర్జనములు కావు. తరతరములుగా పొలములు దున్నుకొనుచున్న కుటుంబములు పెక్కు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. చెట్లు నిలిచినవి, ఊళ్ళు పోయినవి. ఉద్యానము వలని మేలెంత గొప్పదైనను ఈ దుఃఖము చరిత్రలో నుండి తుడిచివేయదగినది కాదు.

కెఫార్ట్ ఉద్యానస్థాపనము చూడలేదు. మద్యము అతనిని సంపూర్ణముగా ఎన్నడును విడువలేదు. 1931 ఏప్రిల్ 2వ తేదీన బ్రైసన్ సిటీ సమీపమున కారు ప్రమాదములో అతడును, అతని అతిథి ఫిస్‌వుడ్ టార్ల్‌టన్ అను రచయితయు మరణించినారు. ఎలుగుబంట్లు తిరుగు అడవులలో ఏ హానియు పొందనివాడు రాజమార్గమున ప్రాణము విడిచినాడు. మాసా 1933లో గతించినాడు. 1934 జూన్ 15న, నేడు అయిదు లక్షల ఎకరములకు మించియున్న గ్రేట్ స్మోకీ పర్వత జాతీయోద్యానము స్థాపితమైనది. అందలి ఒక శిఖరమునకు కెఫార్ట్ మరణమునకు కొలదికాలము ముందే అతని పేరు పెట్టినారు. దాని ఎత్తు 6,217 అడుగులు. అతడు కాపురమున్న హేజెల్ క్రీక్ లోయకు పోవు దారి 1940ల నాటి ఫాంటానా ఆనకట్ట జలములలో మునిగినది. అక్కడి ఊళ్ళు ఖాళీయైనవి. కంపెనీలు నరికిన కొండలపై మరల అడవి పెరిగినది.

కెఫార్ట్ జీవితమున అనుకరింపదగినదియు, అనుకరింపరానిదియు రెండును కలవు. వ్యసనమును జయింపలేకపోయినాడు, ఇల్లు నిలుపుకొనలేకపోయినాడు. కాని తాను కష్టపడి నేర్చినదానిని దాచుకొనక, ముఖమెరుగని లక్షలాది పాఠకులకు తేటమాటలలో పంచిపెట్టినాడు. అతని గ్రంథము వందయేండ్లు దాటినను పునర్ముద్రణములు పొందుచు, భుజమున మూటతో తొలిసారి అడవిలో అడుగుపెట్టు యువకులకు నేటికిని పాఠ్యగ్రంథముగా నున్నది. గుడారపు గుడ్డలు మారినవి, మూట బరువు తగ్గినది. దారి తప్పినవాడు ముందుగా కూర్చుండవలెనను పాఠము మాత్రము మారలేదు.