లోకం అబద్ధమా? సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను జీవితమంతా వెంటాడిన ప్రశ్న

సెప్టెంబర్ 5 దగ్గర పడుతోందంటే బళ్లారిలో మన ఇళ్ల పిల్లలు బడిలో చెప్పాల్సిన భాషణ బట్టీ పట్టడం మొదలుపెడతారు. కన్నడంలో రాసిచ్చిన ఆ అరపేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారనీ, కష్టపడి చదువుకున్నారనీ, రాష్ట్రపతి అయ్యారనీ ఉంటుంది. అంతటితో సరి. ఆ మనిషి ఏం ఆలోచించాడు, ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని పదిహేడు వందల ఏళ్ల కిందటి ఒక గ్రీకు తత్వవేత్తను ఎందుకు పట్టుకున్నాడు అన్న సంగతి అందులో ఉండదు. పిల్లలకు అక్కర్లేదనుకుందాం. పెద్దవాళ్లకు మాత్రం ఎవరు చెప్పారు?

ఇంటిపేరులోని సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి కదిలి తమిళ నేల అంచున తిరుత్తణి వైపు స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మన ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం ఉన్నట్టే. ఆ ఊరి కథ కూడా మన జిల్లా కథకు దూరపు చుట్టమే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లి, బళ్లారి మైసూరుకు వచ్చింది. తిరుత్తణి ఆంధ్రలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ రెండు మార్పులప్పుడూ ఆయన ఢిల్లీలో ఉపరాష్ట్రపతి. సొంత ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోతుంటే చూసిన ఉపరాష్ట్రపతి మరొకరు ఉన్నారో లేదో.

తండ్రి వీరాస్వామిది జమీందారు దగ్గర రెవెన్యూ పనిలో చిన్న ఉద్యోగం. డబ్బు లేదు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, అన్నీ మిషనరీల చదువులే. తత్వశాస్త్రం తీసుకోవడం కూడా ఇష్టపడి చేసిన పని కాదు. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువొకాయన తన పుస్తకాలు ఇచ్చేశాడు. కొత్తవి కొనే స్థోమత లేదు కాబట్టి ఆ పుస్తకాలున్న సబ్జెక్టే చదివారు. అన్నగారి పుస్తకాలతో తమ్ముళ్లు చదివిన ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు! దాని వల్ల ఒక దేశానికి తత్వవేత్త దొరకడం మాత్రం అరుదు.

క్రిస్టియన్ కాలేజీలో ఆ కుర్రవాడికి ఎదురైన మాట ఒకటుంది. హిందువులకు లోకమంతా మాయ కదా, లోకమే అబద్ధమైతే అందులో మంచి చేసినా చెడు చేసినా తేడా ఏముంటుంది, కాబట్టి వేదాంతంలో నీతికి చోటు లేదు అన్న విమర్శ. అక్కడి మిషనరీ అధ్యాపకులు దీన్ని తిట్టుగా కాక వాదంగానే పెట్టారు. వాదం కాబట్టే ఇంకా గట్టిగా తగిలింది. ఇంట్లో అమ్మ చేసే పూజ, తిరుపతిలో చూసిన భక్తి, ఇవన్నీ తప్పుడు పునాది మీద ఉన్నాయా అన్న దిగులు పట్టుకుంది. 1908లో, ఇరవై ఏళ్ల వయసులో, ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి మీదే వ్యాసం రాశారు. లోకం పూర్తిగా లేనిదని శంకరులు చెప్పలేదు, దానికి సొంత ఉనికి లేదని, బ్రహ్మం మీద ఆధారపడి ఉందని చెప్పారు అన్నది ఆయన పట్టిన దారి. గురువు ఎ.జి. హాగ్ ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నారు. శిష్యుడికి మాత్రం ప్రశ్న తీరలేదు. తర్వాతి ముప్పై ఏళ్లు అదే ప్రశ్నను రకరకాలుగా తిప్పి చూశారు.

ఉద్యోగాల సంగతి త్వరగా చెప్పుకుందాం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, కొన్నాళ్లు రాజమండ్రి, 1918లో మైసూరు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తుంటే మైసూరు విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుర్రాలు విప్పేసి తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారు. తెలుగింటి మాస్టారిని కన్నడ పిల్లలు అలా సాగనంపారన్నది మన దగ్గర ఎక్కువగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం. 1928 నవంబర్‌లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప కలిసిన దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు వచ్చింది అక్కడే. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ పీఠం దక్కింది.

అక్కడ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి 1939లో ‘ఈస్టర్న్ రిలిజియన్స్ అండ్ వెస్టర్న్ థాట్’ అన్న పుస్తకం వచ్చింది. మద్రాసు నాటి విమర్శ ఈసారి ఇంకా పెద్ద మనిషి నోట వచ్చింది. ఆల్బర్ట్ ష్వైట్జర్ భారతీయ చింతన లోకాన్ని కాదనేదని, క్రైస్తవం లోకాన్ని ఔననేదని తేల్చారు. రాధాకృష్ణన్ ఆ పుస్తకంలో ష్వైట్జర్‌కు నేరుగా జవాబు చెప్పారు. అంతటితో ఆగలేదు. లోకాన్ని దాటిన సత్యాన్ని వెతకడం తూర్పు దేశాల జబ్బు కాదు, గ్రీకులలోనూ అది ఉంది, క్రైస్తవంలోకి కూడా వాళ్ల ద్వారా పారింది అని చూపబోయారు. ఆ దారిలో ఆయనకు ఎదురైన ముఖ్యుడు ప్లోటినస్.

ప్లోటినస్ క్రీ.శ. 3వ శతాబ్దం వాడు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో తత్వశాస్త్రం మీద మనసు పోయి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గురువు కోసం తిరిగి తిరిగి, చివరికి అమ్మోనియస్ దగ్గర పదకొండేళ్లు ఉన్నాడు. ఆ తర్వాత పారశీకుల, భారతీయుల తత్వం తెలుసుకోవాలన్న కోరిక పుట్టింది. 243లో గోర్డియన్ చక్రవర్తి పర్షియా మీదికి దండు కదిలిస్తే అందులో చేరాడు. చక్రవర్తి దారిలోనే చనిపోయాడు. ప్లోటినస్ ప్రాణాలు దక్కించుకుని అంతియోకు చేరి, నలభయ్యో ఏట రోములో స్థిరపడ్డాడు. మన దేశం దాకా రానే లేదు. సరుకులు, నాణేలు మాత్రం అంతకు ముందే వచ్చాయి. మన పక్క చిత్రదుర్గం దగ్గర చంద్రవల్లి తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. డబ్బు వచ్చిన దారిన మాటలు రాకుండా ఉంటాయా అన్నది రాధాకృష్ణన్ వాదంలో ఒక భాగం.

ప్లోటినస్ చెప్పిందాన్ని మన మాటల్లో పెట్టడం కష్టం కాదు. అన్నిటికీ మూలం ఏకం, దాన్ని మాటలతో పట్టలేం. దాని నిండుదనం నుంచి బుద్ధి, బుద్ధి నుంచి ఆత్మ, ఆత్మ నుంచి ఈ లోకం, దీపం నుంచి వెలుగు వచ్చినట్టు వస్తాయి. దూరం పోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది కానీ చీకటి దేవుడు వేరే లేడు. మనిషి లోపలికి తిరిగితే మళ్లీ ఆ మూలాన్ని తాకగలడు. తనతో ఉన్న కాలంలో గురువు నాలుగుసార్లు ఆ స్థితిని అందుకున్నాడని శిష్యుడు పోర్ఫిరీ రాసి పెట్టాడు. ఉపనిషత్తులు వినికిడిలో ఉన్న తెలుగింటి మనిషి ఇది చదివితే ఉలిక్కిపడడా?

ఇక్కడే గ్నోస్టిక్కులు వస్తారు. ఇంగ్లీషులో మొదటి అక్షరం పలకరు కాబట్టి ఆ పేరు మనకు నాస్తికులు అన్నట్టు వినిపిస్తుంది. అర్థం అది కాదు. గ్రీకులో గ్నోసిస్ అంటే జ్ఞానం. మన జ్ఞానం అన్న మాటకూ దానికీ ధాతువు ఒకటే. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో బసిలిడీస్, అక్కడి నుంచి రోముకు వెళ్లిన వాలెంటినస్ వాళ్లలో పేరున్నవాళ్లు. శాఖలు అనేకం, కథలు అంతకన్నా అనేకం. మొత్తం మీద చాలామంది నమ్మింది ఇది: ఈ లోకాన్ని చేసినవాడు అసలు దేవుడు కాదు, అజ్ఞానంలో ఉన్న ఒక కింది శక్తి. మనలోని దివ్యమైన నిప్పురవ్వ ఈ శరీరమనే చెరలో పడింది. రహస్య జ్ఞానం దొరికిన కొందరికే విడుదల.

ప్లోటినస్ బడిలోనే ఈ నమ్మకం ఉన్నవాళ్లు కూర్చునేవారు. కొందరు ఆయనకు స్నేహితులు, ముందే ఆ బోధ తలకెక్కించుకుని వచ్చినవాళ్లు. వాళ్లను మార్చలేనని తెలిసి, మిగతా శిష్యుల కోసం ఒక గ్రంథం రాశాడు. అందులోని వాదం సూటిగా ఉంటుంది. లోకాన్ని తిట్టినంత మాత్రాన ఎవరూ మంచివారైపోరు. దేవుడి వైపు చూడమని చెప్పి, ఎలా చూడాలో, కోపాన్ని, కోరికను ఎలా అణచుకోవాలో చెప్పకపోతే అది ఉత్త మాట. తండ్రిని ప్రేమించేవాడు ఆయన పిల్లల మీద ద్వేషం పెంచుకోడు, ఈ లోకానికీ దాని మూలానికీ ఉన్న చుట్టరికం కూడా అలాంటిదే. తర్వాత ఒక ఇంటి పోలిక తెస్తాడు. ఒకే మంచి ఇంట్లో ఇద్దరు కాపురం ఉన్నారు. ఒకడు ఇంటినీ, కట్టిన మేస్త్రీనీ రోజూ తిడుతూనే అక్కడే ఉంటాడు. రెండోవాడు కట్టడంలోని పనితనాన్ని ఒప్పుకుని, వెళ్లాల్సిన రోజు వచ్చేదాకా నిమ్మళంగా ఉంటాడు. మొదటివాడు తనకే వైరాగ్యం ఎక్కువ అనుకుంటాడు.

మాటలే కాదు, ఆయన నడిచిందీ అలాగే. రోములో చాలా గొప్ప కుటుంబాలవాళ్లు చనిపోయే ముందు తమ పిల్లలను, ఆస్తిని ఆయనకు అప్పగించేవారు. ఇల్లంతా తల్లీతండ్రీ లేని ఆడపిల్లలు, మగపిల్లలు. వాళ్ల పాఠాలు వినేవాడు. వాళ్ల ఆస్తి లెక్కలు ఓపికగా చూసేవాడు, పెద్దయి తత్వవేత్తలు అయ్యేదాకానైనా వాళ్ల సొమ్ము వాళ్లకే ఉండాలని. ఇరవై ఆరేళ్లలో ఎన్నో తగాదాలకు మధ్యవర్తిగా కూర్చుని కూడా శత్రువును సంపాదించుకోలేదట. ఊళ్లో పెద్దమనిషిగా పంచాయితీ చేసినవాళ్లకు అది ఎంత కష్టమో తెలుసు. ఏకంలో లీనమైన మనిషి అనాథ పిల్లల జమాఖర్చులు చూడటం, నా మటుకు, ష్వైట్జర్‌కు అన్నిటికన్నా గట్టి జవాబు.

రాధాకృష్ణన్‌కు ప్లోటినస్ ఎందుకు కావాల్సి వచ్చాడో ఇప్పుడు తెలుస్తుంది. తన ఇరవయ్యో ఏట శంకరుల తరఫున చెప్పబోయిన మాటనే మరో భాషలో, మరో నేల మీద ఒకడు ముందే వాదించి ఉన్నాడు. లోకం పరమసత్యం కాదు, అయినా తిట్టదగిందీ కాదు. అయితే గ్నోస్టిక్కుల మీద రాధాకృష్ణన్ ప్లోటినస్ అంత కటువుగా లేరు. గ్రీకు, తూర్పు ఆలోచనలు కలిసిన ప్రయత్నంగా వాళ్లను చూశారు. బసిలిడీస్ బోధలో బాధ గురించి, పునర్జన్మ గురించి ఉన్న భాగాల్లో భారతీయ ఛాయలు కనిపించాయి ఆయనకు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పోలిక కనిపించిన ప్రతిచోటా మన నుంచే వెళ్లిందని అనుకునే వైపుకు ఆ పుస్తకం కొంచెం ఎక్కువే ఒరుగుతుంది. ప్లోటినస్ భారతీయ గురువునెవరినైనా కలిశాడనడానికి ఆధారం లేదు, బయలుదేరాడు, చేరలేదు, అంతే. ప్లేటో నుంచే ఆయన అక్కడికి వచ్చాడని చెప్పేవాళ్ల వాదం బలమైనది. దేశం పరాయి పాలనలో ఉన్న రోజుల్లో, మీ తత్వంలో నీతి లేదని పదే పదే విన్న మనిషి రాసిన పుస్తకమది. ఆ ఒరుగుడును అర్థం చేసుకోవచ్చు. సరిదిద్దుకుని చదువుకోవచ్చు కూడా.

తర్వాతి జీవితం అందరికీ తెలిసిందే. కాశీ విశ్వవిద్యాలయం, మాస్కోలో రాయబారి, 1952 నుంచి పదేళ్లు ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన పుస్తకం వచ్చిన ఆరేళ్లకు, 1945 చివర్లో, ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర రైతులకు ఒక పాత కుండ దొరికింది. అందులో కాప్టిక్ భాషలో 13 ప్రతులు. ప్లోటినస్ బడికి వచ్చిన గ్నోస్టిక్కులు చదివేవారని పోర్ఫిరీ చెప్పిన గ్రంథాల్లో రెండింటి పేర్లు, జోస్ట్రియానోస్, అల్లోజెనెస్, వాటిలో ఉన్నాయి. అప్పటిదాకా గ్నోస్టిక్కుల గురించి లోకానికి తెలిసిందంతా దాదాపు వాళ్ల శత్రువులు రాసిందే. ఆ ప్రతుల్లో లోపలికి తిరిగి ఏకాన్ని చేరే సోపానాలు ఉన్నాయి, ప్లేటో మాటలున్నాయి. తన గ్రంథంలో ప్లోటినస్ చూపినంత దూరం వాళ్లకూ ఆయనకూ మధ్య లేదని పండితులు ఇప్పుడు చెబుతున్నారు. ఆ ప్రతులన్నీ కలిపి ఇంగ్లీషులో ఒకే పుస్తకంగా వచ్చింది 1977లో. అప్పటికి రాధాకృష్ణన్ పోయి రెండేళ్లు.