రాబర్ట్ బాష్

రాబర్ట్ బాష్ (సెప్టెంబర్ 23, 1861 - మార్చి 12, 1942) జర్మనీ దేశానికి చెందిన యంత్ర నిపుణుడు, పారిశ్రామికవేత్త, దాత. మోటారు వాహనాలకు నమ్మదగిన మాగ్నెటోను, ఆ తరువాత డీజిల్ ఇంజనులోకి ఇంధనాన్ని కొలిచి చిమ్మే పంపును పెద్ద ఎత్తున తయారుచేయించి ప్రపంచానికి అందించాడు. మన దేశంలో లారీలకు, ట్రాక్టర్లకు అమర్చే మైకో పంపు ఇతని సంస్థ నుండి వచ్చినదే. ఇతనిని గొప్ప ఆవిష్కర్తగా పేర్కొనడం కద్దు కాని అది పూర్తిగా సరికాదు. సంస్థకు పేరు తెచ్చిన పరికరాలలో చాలావాటిని ఇతని వద్ద పనిచేసిన నిపుణులు రూపొందించారు. అటువంటివారిని గుర్తించి, వారికి స్వేచ్ఛనిచ్చి, తయారీలో నాణ్యత విషయంలో రాజీపడకపోవడం బాష్ ప్రత్యేకత.

బాల్యం, పని నేర్చుకున్న కాలం

బాష్ ఉల్మ్ నగరం సమీపంలోని ఆల్బెక్ అనే గ్రామంలో జన్మించాడు. పన్నెండు మంది సంతానంలో ఇతడు పదకొండవవాడు. తండ్రి సెర్వేషియస్ బాష్ సత్రం నడిపే రైతు. ఆ కాలపు గ్రామీణులలో చదువు, లోకజ్ఞానం కలిగిన వ్యక్తి. 1869లో ఈ కుటుంబం ఉల్మ్‌కు తరలివెళ్ళింది. పాఠశాల చదువు ముగిసిన పిదప 1876 నుండి మూడేళ్ళపాటు బాష్ సూక్ష్మయంత్రాల పనిలో శిష్యరికం చేశాడు. అక్కడి గురువు సరిగా నేర్పలేదన్న అసంతృప్తి ఇతనికి జీవితాంతం మిగిలిపోయింది. తరువాతి కాలంలో తన కర్మాగారంలో శిక్షణ పొందే కుర్రవాళ్ళ విషయంలో అంత శ్రద్ధ చూపడానికి ఇదే కారణం కావచ్చు.

వివిధ ఊళ్ళలో పనిచేసి, స్టట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయంలో కొంతకాలం పాఠాలు విని, 1884లో అమెరికా వెళ్ళాడు. న్యూయార్కులో ఎడిసన్‌కు పరికరాలు తయారుచేసే కర్మాగారంలోను, అటుపిమ్మట ఇంగ్లాండులో సీమెన్స్ సంస్థలోను పనిచేశాడు. 1886 నవంబరు 15న స్టట్‌గార్ట్‌లో ఒక పనివాడు, ఒక కుర్రవాడు తోడుగా సొంత దుకాణం తెరిచాడు. టెలిఫోనులు, విద్యుత్ గంటలు బిగించడం తొలినాటి పని. చాలా ఏళ్ళు అప్పులతోనే గడిచాయి.

మాగ్నెటో

1887లో ఒక ఖాతాదారు కోరికపై బాష్ స్థిర ఇంజనుకు మాగ్నెటో తయారుచేశాడు. సిలిండరులోని గ్యాసు మిశ్రమాన్ని విద్యుత్ నిప్పురవ్వతో మండించే పరికరమిది. అయితే ఇది నెమ్మదిగా తిరిగే ఇంజన్లకు మాత్రమే పనికివచ్చేది. 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి తన మూడు చక్రాల బండిని తెచ్చి, దాని ఇంజనుకు మాగ్నెటో అమర్చమన్నాడు. ఆ ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరిగేది. బాష్ వద్ద పనిచేసే ఆర్నాల్డ్ జారింగర్ ఈ చిక్కు విప్పాడు. 1902లో గాట్‌లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును రూపొందించాడు. ఆపై వ్యాపారం ఖండాంతరాలకు విస్తరించింది. 1906లో తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టినందుకు తోటి యజమానులు ఇతనిని 'ఎర్ర బాష్' అని ఎగతాళి చేశారు. అయినా 1913లో ఇతని కర్మాగారంలోనే పెద్ద సమ్మె జరిగింది. అటుతరువాత ఇతడు యజమానుల సంఘంలో చేరాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సరఫరాల వలన సంస్థకు లాభాలు వచ్చాయి. యుద్ధం ద్వారా వచ్చిన సొమ్ము తన వద్ద ఉంచుకోవడం ఇష్టంలేక బాష్ అందులో అధిక భాగాన్ని నెక్కర్ నదిపై కాలువ నిర్మాణం వంటి ప్రజాప్రయోజనాలకు ఇచ్చివేశాడు.

ఇంధనం చిమ్మే పంపు

రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనుకు స్పార్కు ప్లగ్గు అవసరం లేదు. గట్టిగా నొక్కబడిన గాలి వేడెక్కి, అందులో పడిన నూనె దానంతటదే మండుతుంది. అయితే ఆ నూనెను లోపలికి ఊదడానికి మరింత పీడనం గల గాలి కావలసివచ్చేది. అందుకు వాడే కంప్రెసరు బరువు మూలంగా డీజిల్ ఇంజను చాలాకాలం ఓడలకు, కర్మాగారాలకు పరిమితమైంది. లారీకి ఎక్కించాలంటే గాలి సహాయం లేకుండా నూనెను నేరుగా చిమ్మగల చిన్న పంపు కావాలి.

డీజిల్ లారీలు వ్యాపిస్తే మాగ్నెటోతో పని తీరిపోతుందని బాష్ గ్రహించాడు. మరొకవైపు పెట్రోలు కార్లలో బ్యాటరీ జ్వలనం చౌకగా వస్తున్నది. 1921లో కుమారుడు రాబర్ట్ దీర్ఘవ్యాధితో మరణించాడు. సంస్థను అప్పగించాలనుకున్న వారసుడు లేకుండాపోయాడు. అరవై ఏళ్ళు దాటిన బాష్ ఇటువంటి స్థితిలో, 1922 చివరలో, తన ప్రధాన సరుకునే నిరుపయోగం చేయగల పంపు తయారీకి పూనుకోవడం సాహసమనే చెప్పాలి.

పని తేలికది కాదు. ప్రతి విడతకు చిన్న బొట్టంత నూనెను, వందల వాతావరణాల పీడనంతో, సరైన క్షణంలో, అన్ని సిలిండర్లకూ సమానంగా అందించాలి. ఇందుకు ఉక్కు గొట్టంలో కదిలే ప్లంజరును వాడారు. రెండింటి నడుమ సందు మిల్లీమీటరులో కొద్ది వేయోవంతులు మాత్రమే. రబ్బరు వాషర్లు ఆ పీడనానికి నిలువవు. లోహపు నునుపే కారకుండా ఆపాలి. ప్లంజరుపై ఏటవాలుగా ఒక గాడి చెక్కబడి ఉంటుంది. ప్లంజరును కొద్దిగా తిప్పితే ఆ గాడి ముందుగానో వెనుకగానో తెరుచుకొని నూనె పరిమాణం మారుతుంది. అనేక నమూనాలు పరీక్షించిన పిదప, 1926 నాటి మోటారు పరిశ్రమ సంక్షోభాన్ని కూడా దాటుకొని, 1927లో పంపు తయారీ పెద్ద ఎత్తున మొదలైంది. మొదట లారీలకు, 1936లో మెర్సిడెస్ బెంజ్ 260 డి కారుకు ఇది అమరింది.

కార్బురేటరు స్థానంలో

పెట్రోలును చిమ్మే పద్ధతి మొదట విమానాలలో స్థిరపడింది. 1937 నుండి తయారైన డైమ్లర్ బెంజ్ 601 ఇంజనుకు బాష్ పంపులు అమర్చారు. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానం ముక్కు కిందికి వంచి దూకినప్పుడు కార్బురేటరులోని తేలుడు గిన్నెలో పెట్రోలు చెదిరి ఇంజను తడబడేది. జర్మను విమానానికి ఆ ఇబ్బంది లేకపోయింది.

నేలమీద ఏటవాలు గట్లెక్కే చిన్న నాలుగు చక్రాల చోదక వాహనాలలోనూ ఇదే చిక్కు కలదు. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీకి చాలా ఏళ్ళు కార్బురేటరే ఉండేది. 2000లో ఇంధనం చిమ్మే ఇంజను వచ్చింది. పాత బండికి ఈ ఏర్పాటు చేయాలంటే కార్బురేటరు విప్పి ఇంజెక్టర్లు బిగించినంత మాత్రాన చాలదు. అధిక పీడన విద్యుత్ పంపు, టాంకుకు తిరుగు గొట్టం, ఇంజను తిరుగుడును, గాలి పరిమాణాన్ని, ఉష్ణోగ్రతను తెలిపే సెన్సర్లు, వాటిని బట్టి ఇంజెక్టరు ఎంతసేపు తెరవాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ పెట్టె, వీటన్నిటికీ వైర్ల అల్లిక కావాలి. అందుకే చాలామంది విడిభాగాల కంటే కొత్త నమూనా ఇంజనునే వైరింగుతో సహా మార్చుతారు. ఇంజను మార్పుకు రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. కార్లలో ఎలక్ట్రానిక్ పద్ధతిని బాష్ సంస్థ 1967లో వోక్స్‌వాగన్ 1600లో పెద్ద ఎత్తున ప్రవేశపెట్టింది. అప్పటికి వ్యవస్థాపకుడు మరణించి పాతికేళ్ళయింది.

నాజీల కాలం, మరణం

బాష్ నాజీ పాలనను వ్యతిరేకించాడు. లైప్‌జిగ్ మేయరు పదవిని వదులుకున్న కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సలహాదారుగా నియమించి ఆసరా ఇచ్చాడు. హిట్లర్‌పై కుట్రలో పాల్గొన్నందుకు గోర్డెలర్‌కు 1945లో మరణశిక్ష అమలైంది. సంస్థ అధిపతి హాన్స్ వాల్జ్ యూదులకు చేసిన సహాయానికి 1969లో ఇజ్రాయెల్ గౌరవం లభించింది. అయితే అదే సంస్థ యుద్ధ విమానాలకు, సైనిక వాహనాలకు పరికరాలు సరఫరా చేసింది. దాని కర్మాగారాలలో వేలాదిమంది నిర్బంధ కూలీలు పనిచేశారు. మొదటి యుద్ధపు లాభాలను వదులుకున్న మనిషి పేరుతోనే ఇది జరిగింది. ఈ రెండింటిలో ఒకదానిని దాచి మరొకదానిని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు.

1942 మార్చి 12న స్టట్‌గార్ట్‌లో బాష్ కన్నుమూశాడు. తాను ఏవగించుకున్న ప్రభుత్వమే ఇతనికి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఇతని వీలునామా ఆశయానుసారం 1964లో సంస్థ వాటాలలో అధిక భాగం ధర్మసంస్థకు చేరింది. 1940లో ఇతడు ప్రారంభించిన ఆసుపత్రి నిర్వహణకు ఆ ధర్మసంస్థే తోడ్పడుతున్నది.

భారతదేశంలో

బాష్ ఉత్పత్తుల విక్రయం భారతదేశంలో 1922లో కలకత్తాలో మొదలైంది. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దీని పొట్టి పేరే మైకో. మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో నిజామాబాదు, బోధన్ ప్రాంతాలలో చెరకు సాగు పెరిగి, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2015లో అది మూతపడింది. ఇటువంటి చెరకు ప్రాంతాలలో తొలుత ఎడ్లబండ్లపై సాగిన రవాణా క్రమంగా డీజిల్ లారీలు, ట్రాక్టర్ల చేతికి వచ్చింది. గానుగ కాలంలో బండి నిలిచిపోతే కోసిన చెరకులో తీపి తగ్గుతుంది కనుక పంపు, నాజిల్ బాగుచేసే పనివారికి గిరాకీ ఉండేది. నాజిల్‌ను చేతి పంపుకు తగిలించి, చిమ్మిన నూనె పొగమంచులా సమంగా విచ్చుకుంటున్నదో ధారగా కారుతున్నదో చూసి దాని మంచిచెడ్డలు నిర్ణయిస్తారు. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. పాత మెకానిక్కుల నోట మాత్రం అది మైకో పంపుగానే నిలిచింది.