చాదర్‌ఘాట్ బడి నుంచి జకార్తా బంగారం దాకా.. రహీం సాబ్ తయారు చేసిన పోరలు

2022 చివర్లో ఖతర్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జరిగినప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాలా ఇండ్లకు అది పరాయి దేశపు ఆట అనిపించలేదు. అన్నో, మామో, చిన్నాన్నో గల్ఫ్‌లో పనిచేస్తున్న ఇండ్లు అవి. మెస్సీ, ఎంబాపె పేర్లు పిల్లలకు నోటికి వచ్చు. కానీ సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరు అని అడిగితే పెద్దోళ్ళు కూడా జర ఆలోచిస్తారు.

మన హైదరాబాద్‌కు చెందిన ఈ బడిపంతులు భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టారు. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా తీసుకుపోయారు. 2024లో అజయ్ దేవగన్ నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆయన పేరు కొంత తెలిసింది. కానీ ఆయన చేసిన అసలు పని పెద్ద స్టేడియాల్లో మొదలు కాలేదు. బడి మైదానాల్లో, బస్తీల ఖాళీ జాగాల్లో మొదలైంది.

పంతులు ఉద్యోగం, ఆట మీద ప్రాణం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువు అయ్యాక పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఇలా ఊరంతా తిరిగి పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు.

అప్పట్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కూడా నిజాం రాజ్యంలోనే, కరీంనగర్ జిల్లాలో ఉండేవి. చదువు ఉర్దూలోనే. ఆ రోజుల్లో బడి పంతులు అంటే ఊర్లో గౌరవం ఉండేది, చేతిలో పైసలు మాత్రం తక్కువ. రహీం సాబ్‌దీ అదే బతుకు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ బాధ్యత చేపట్టారు. చివరిదాకా ఆ జట్టును వదల్లేదు.

అందరికన్నా ముందు పిల్లల మీద చూపు

ఆ కాలంలో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులకు డబ్బు ఉండేది, వేలల్లో జనం ఉండేవారు. ఏ రాష్ట్రంలో మంచి ఆటగాడు కనిపించినా ఆ క్లబ్బులు పిలుచుకుని పోయేవి. ఈస్ట్ బెంగాల్‌కు పేరు తెచ్చిన ఐదుగురు ఫార్వర్డ్‌లు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అందరూ దక్షిణాది వాళ్ళే. పంచ పాండవులని అక్కడి జనం వాళ్ళను పిలుచుకునేవారు. అందులో అప్పారావు మన తెలుగువాడు.

అంటే కలకత్తా తయారైన ఆటగాణ్ణి తెచ్చుకునేది. హైదరాబాద్ దగ్గర అంత పైస లేదు. కాబట్టి రహీం సాబ్ వేరే దారి పట్టారు. ఆటగాణ్ణి చిన్నప్పుడే పట్టుకుని తామే తయారు చేసుకోవాలనుకున్నారు.

దానికోసం ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ నిషేధం. బాల్ కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. చిన్న పిల్లలు ఆడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బాల్ దొరికినవాడు వదలడు, మిగతా పది మంది చూస్తూ నిలబడతారు. ఆ అలవాటు పోగొట్టడానికే ఈ ఏర్పాటు. ఇంకో టోర్నీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే బాల్ కొట్టాలి. ఒకే కాలితో ఆడేవాణ్ణి ఎదుటివాడు ఆ పక్క నుంచి మూసేస్తే ఇగ ఆట అయిపోయినట్టే కదా. ఎత్తు తక్కువ ఉన్న పిల్లలకు కూడా విడిగా పోటీలు పెట్టారు. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లల మధ్య చిన్నవాడి తెలివి కనపడదు. అందరూ తన ఎత్తే ఉన్నప్పుడు ఎవరి ఆట ఎంతో తెలిసిపోతుంది.

ఇట్ల పెరిగిన పిల్లలు వేగంగా పాస్‌లు ఇవ్వడం, రెండు కాళ్ళతో ఆడటం నేర్చుకున్నారు. బాగా ఆడేవాడికి పోలీస్ జట్టులో చోటు దొరికితే ఆటతో పాటు ఉద్యోగం కూడా ఉండేది. పేదింటి పిల్లవాడి తల్లిదండ్రులకు ఇంతకంటే ఏం కావాలి?

సైకిల్ కిరాయి

తులసీదాస్ బలరాం కథ వింటే రహీం సాబ్ చూపు ఎలాంటిదో అర్థమవుతుంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు బలరాం. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టే అతనితో బాగుచేయించుకుని ఆడేవాడు. ఒక స్థానిక లీగ్ మ్యాచ్‌లో రహీం సాబ్ అతణ్ణి చూసి సంతోష్ ట్రోఫీ క్యాంపుకు రమ్మన్నారు. రోజూ అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావాలంటే దారి ఖర్చులకు పైసలు లేవు. ఆ సంగతి తెలుసుకుని రహీం సాబ్ తన జేబులోంచి సైకిల్ కిరాయి ఇచ్చారు.

కొద్ది కాలానికే బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. పెద్ద క్లబ్ ఈస్ట్ బెంగాల్ అతణ్ణి తీసుకుంది. ఆ రోజు సైకిల్ కిరాయి దొరక్కపోయి ఉంటే ఈ బలరాం ఎవరో మనకు తెలిసేది కాదు.

పోలీస్ జట్టు జమానా

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. అది ఎంతోమందికి భయంతో, బాధతో గడిచిన కాలం. ఆ తర్వాత రెండేళ్ళకు, 1950లో, ఈ ఊరి పోలీస్ జట్టు బొంబాయి పోయి రోవర్స్ కప్ గెలిచింది. మళ్ళీ 51, 52, 53, 54లలోనూ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. వరసగా 5 సార్లు! ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది కూడా ఈ జట్టే. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్ళు ఆడారు. 1956-57లో, 1957-58లో హైదరాబాద్ రాష్ట్ర జట్టు వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం గెలిచింది. దేశమంతా సంబరం. మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఆ చలి దేశంలో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు వేసుకోవాలన్న నిబంధన వచ్చింది.

రహీం సాబ్ ఆ ఓటమిని సాకులతో కప్పిపుచ్చుకోలేదు. ఆ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన హంగరీ పద్ధతిని పట్టుకున్నారు. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ ముందుకు పోకుండా కొంచెం వెనక్కి దిగి ఆడేవాడు. అతణ్ణి కాపలా కాసే ఎదుటి డిఫెండర్‌కు అతని వెంట పోవాలో, తన జాగాలోనే ఉండాలో తెలిసేది కాదు. ఈ ఎత్తును మన ఆటగాళ్ళకు తగ్గట్టు మార్చి నేర్పించారు.

నాలుగేళ్ళకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసూజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనవాళ్ళదే. చివరికి 4-1తో ఓడినా, హెల్సింకి జట్టుకూ ఈ జట్టుకూ పోలికే లేదు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, తంగరాజ్ హైదరాబాద్ మైదానాల నుంచి పోయినవాళ్ళే. ఒక్క ఊరి నుంచి ఇంతమంది!

జకార్తాలో చివరి కానుక

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం పాడైంది. ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను ఓడించి ముందుకు పోయారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ సెమీఫైనల్లో అతణ్ణి డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతను గోల్ కొట్టాడు.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్ళను కూర్చోబెట్టి తనకొక కానుక కావాలని ఆయన అడిగారట. ఆ కానుక బంగారు పతకం. సెప్టెంబర్ 4న ఎదురైంది మళ్ళీ దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని గొడవలో ఒక భారత అధికారి అన్న మాటల వల్ల అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. నిండిన స్టేడియం అంతా మనకు వ్యతిరేకంగా అరిచింది. ఆ అరుపుల మధ్యే పీకే బెనర్జీ ఒక గోల్, తలకు కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో బంగారం మనదైంది.

ఆ రోజు ఆడినవాళ్ళను చూస్తే రహీం సాబ్ న్యాయం కనపడుతుంది. హైదరాబాద్ నుంచి తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. బెంగాల్ క్లబ్బుల నుంచి కెప్టెన్ చునీ గోస్వామి, పీకే, అరుణ్ ఘోష్. పంజాబ్ నుంచి జర్నైల్, కేరళ నుంచి చంద్రశేఖర్, గోవా మూలాలున్న ఫ్రాంకో. మెల్‌బోర్న్‌కు తన ఊరి పోరలను అంతమందిని తీసుకుపోయిన మనిషే, జకార్తాకు వచ్చేసరికి ఏ ప్రాంతంలో ఏ జాగాకు ఎవరు సరిపోతారో చూసి తీసుకున్నారు. ఊరి మీద ప్రేమ ఉన్నా ఎంపిక దగ్గర ఆటే చూశారు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతేఖాల్ అయ్యారు. వయసు 53 ఏళ్ళే.

ఆయన పోయాక

ఆయన వేసిన విత్తనాలు కొన్నాళ్ళు పంట ఇచ్చాయి. 1965-66లో ఆంధ్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్. రహీం సాబ్ పోయినప్పుడు చిన్న పిల్లవాడైన మహమ్మద్ హబీబ్ తర్వాత కలకత్తా పోయి, 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఆడాడు. రహీం సాబ్ కొడుకు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, ఫిఫా రెఫరీ కూడా అయ్యారు. 2021లో ఆయన, 2023లో బలరాం, హబీబ్ కన్నుమూశారు.

ఇగ ఆ తర్వాత పంట తగ్గిపోయింది. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్ళీ రాలేదు. 1960 తర్వాత మన జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచింది. ఊరికి సంతోషమే. కానీ జట్టులో ఎక్కువ మంది వేరే రాష్ట్రాల, వేరే దేశాల ఆటగాళ్ళే. ఒకప్పుడు కలకత్తాకు ఆటగాళ్ళను పంపిన ఊరు అప్పటికి బయటి నుంచి తెచ్చుకుంది.

అంటే మన దగ్గర ఆడే పిల్లలు లేరని కాదు. మన పక్క జిల్లా నిజామాబాద్ నుంచి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతోంది. తండా నుంచి వచ్చిన పిల్ల అంత దూరం పోగలిగితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు ఎందుకు పోలేరు? లేనిది చూసే కన్ను. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల క్లాసుకు ఇచ్చేసే బడిలో ఆ కన్నుకు పని ఉండదు.

రహీం సాబ్ దగ్గర అకాడమీ లేదు, స్పాన్సర్లు లేరు. ఉన్నది ఒక బడి మైదానం, పిల్లల ఆటను ఓపికగా చూసే అలవాటు, అవసరమైతే సైకిల్ కిరాయి ఇచ్చే మనసు. సాయంత్రం నమాజ్ ముందు ఖాళీ జాగాలో బాల్ తన్నుతున్న మన పోరల్లో ఎవడు ఎడమ కాలితో కూడా సరిగ్గా కొడుతున్నాడో ఆగి చూసే పంతులు ఒక్కరు దొరికితే చాలు, పని మళ్ళీ మొదలవుతుంది.