సేనాని పెంగ్ దెహువాయ్

చైనా దేశమున హునాన్ రాష్ట్రమందు 1898వ సంవత్సరమున ఒక పేద రైతు కుటుంబములో పెంగ్ దెహువాయ్ జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోయి, చదువు మాని, బొగ్గుగనిలో కూలిపని చేసెను. 1916లో సామాన్య భటుడుగా సైన్యమున చేరెను. 1928లో కమ్యూనిస్టు పక్షము నవలంబించి, క్రమముగా దాని ప్రముఖ సేనానులలో నొకడయ్యెను.

1949లో చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వ మేర్పడెను. మరుసటి యేడు జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియాపై దండెత్తెను. ఐక్యరాజ్యసమితి పతాకము క్రింద అమెరికా సేనలు వారి నెదిర్చి, ఉత్తరమునకు తరుమసాగెను. అమెరికా సేనలు 38వ అక్షాంశరేఖను దాటినచో తాము ఊరకుండబోమని చైనా ప్రధాని చౌ ఎన్‌లై అక్టోబరు 3న తెల్లవారకమునుపే భారత రాయబారి పణిక్కరును పిలిపించి తెలియజేసెను. ఆ హెచ్చరికను అమెరికా లక్ష్యపెట్టలేదు.

తన గాయములే మానని దేశము పొరుగువారి యుద్ధమునకు ఏల పోవలెను? కారణములు పెక్కు గలవు. యాలూ నది ఆ రెండు దేశములకు సరిహద్దు. ఆ నదిపై విద్యుత్కేంద్రములును, ఈవలి మంచూరియాలో చైనా పరిశ్రమలును ఉండెను. అమెరికా నౌకాదళము అప్పటికే తైవాన్ జలసంధిలో ప్రవేశించెను. చైనా అంతర్యుద్ధమున వేలాది కొరియనులు కమ్యూనిస్టుల పక్షమున పోరాడిరి. స్టాలిను ప్రోత్సాహమును తోడయ్యెను. అయినను నాయకులు పలువురు జంకిరి. పెంగ్ మాత్రము రాత్రియెల్ల ఆలోచించి, బలవంతుడైన శత్రువు గుమ్మమున నిలిచినచో ఏనాటికైనను ముప్పు తప్పదని తలచి, యుద్ధమునకు సమ్మతించెను. సేనాధిపత్యమును ఆయనకే లభించెను.

అక్టోబరు 19న ఆ సేన యాలూ నదిని దాటెను. అమెరికాతో బహిరంగ యుద్ధము ప్రకటించినట్లు కాకుండుటకై దానికి స్వచ్ఛంద సేనయని పేరిడిరి. చలికి తగిన దుస్తులు లేక ఎందరో భటులు మంచులో గడ్డకట్టి మరణించిరి. మావో కుమారుడు అన్‌యింగ్ పెంగ్ శిబిరముననే బాంబుదాడికి బలియయ్యెను. 1953 జూలై 27న యుద్ధము నిలిచెను. చైనా లెక్కల ప్రకారమే 1,97,000 మందికి పైగా చైనీయులు నేలకొరగిరి. సరిహద్దు మాత్రము ఇంచుమించు మొదటి చోటనే నిలిచెను. ఖైదీల సమస్యను పరిష్కరించిన తటస్థ దేశముల సంఘమునకు కొడగు వాసియగు మన సేనాని తిమ్మయ్య అధ్యక్షుడు.

పెంగ్ 1954లో రక్షణమంత్రి యయ్యెను. 1958లో ప్రారంభమైన ‘మహా ముందంజ’ విధానమువలన పల్లెలు పడు బాధలను స్వయముగా చూచి, 1959లో మావోకు లేఖ వ్రాసెను. ఫలితముగా పదవి పోయెను. సాంస్కృతిక విప్లవమున నిర్బంధమును, దెబ్బలును అనుభవించి, 1974 నవంబరు 29న మరణించెను. 1978లో ప్రభుత్వము ఆయన గౌరవమును పునరుద్ధరించెను.

పెంగ్ రెండుమారులు తన మనసులోని మాట చెప్పెను. మొదటిమాట పాలకునకు నచ్చినది; కీర్తి వచ్చెను. రెండవమాట నచ్చలేదు, చెర వచ్చెను. ఈ రెంటిలో ఏది చెప్పుటకు ఎక్కువ ధైర్యము కావలెనో విద్యార్థులు ఆలోచింతురు గాక!