కుష్ఠరోగుల బంధువు డేమియను

రోగము మనుష్యునకు రెండు విధముల హాని చేయును. శరీరమునకుఁ గలుగు బాధ మొదటిది. రోగియైన కారణమునఁ దనవారు తనకు దూరమగుటచేఁ గలుగు బాధ రెండవది. మొదటిదానికి వైద్యుఁడు మందిచ్చును. రెండవదానికి మందు బంధువుల చేతిలోనే యున్నది. జనులు పేరు చెప్పుటకును జంకి పెద్దరోగమని పిలుచు కుష్ఠువునందు ఈ రెండవ బాధయే మిక్కిలి క్రూరమైనది. దానికిఁ జికిత్స చేయుటయందుఁ దన యాయువును ధారవోసిన యొక పల్లెవాని చరిత్రము నిందు సంగ్రహముగాఁ జెప్పుచున్నాఁడను.

జోసఫు డివ్యూస్టరు 1840 వ సంవత్సరము జనవరి 3 వ తేదీని బెల్జియము దేశమందలి ట్రెమెలో యను గ్రామమున, సేద్యమును ధాన్యపు వర్తకమును జేయు నొక గృహస్థునింట జన్మించెను. తండ్రి యాతనిని వర్తకమునఁ బెట్టఁ దలఁచెను గాని, యాతఁడు తన యన్న త్రొక్కిన త్రోవనే త్రొక్కి రోమను కతోలికు సన్న్యాసుల సంఘమునఁ జేరి, డేమియను అను పేరు వహించెను. హవాయి ద్వీపములకుఁ బోవలసిన యన్న జ్వరపీడితుఁడు కాఁగా, తమ్ముఁ డాతనికి బదులుగాఁ బోవుటకు ననుజ్ఞ వేఁడికొని, 1864 వ సంవత్సరము మార్చి 19 వ తేదీని హోనొలులు రేవునఁ దిగెను. రెండు నెలలకే గురుపదవిని బొంది, తొమ్మిది సంవత్సరములు హవాయి పెద్దదీవియందు గుడులు కట్టుచు, ఊరూరఁ దిరుగుచుఁ గాలము గడపెను.

ఆ కాలమున నా దీవులలోఁ గుష్ఠువు ప్రబలుచుండెను. దానికి మందు లేదు. అందుచే రాజుగారి ప్రభుత్వమువారు 1865 వ సంవత్సరమున నొక చట్టము చేసిరి. దానినిబట్టి రోగులని నిర్ణయింపఁబడినవారిని మొలొకాయి దీవియందలి యొక మూలకుఁ బంపవలసియుండెను. ఆ చోటికి మూఁడు ప్రక్కల సముద్రము. నాలుగవ ప్రక్క నిటారుగా నిలిచిన మహాపర్వతము. 1866 వ సంవత్సరము జనవరి నెలలో మొదటి 12 మంది యచట దింపఁబడిరి. ఆ చట్టము చేసినవారు క్రూరులు గారు; ఆరోగ్యవంతులను గాపాడుటయే వారి యుద్దేశము. కాని వారు రోగిని లెక్కించిరే కాని, యా రోగికి భార్య యున్నదనియు, తల్లి యున్నదనియు, బిడ్డలున్నారనియు లెక్కింపరైరి. చట్టములలో నిట్టి లోపము తఱచుగాఁ గనఁబడుచుండును.

అయినను బంధములన్నియు నొక్క చట్టముతోఁ దెగిపోలేదు. భర్తను విడువనొల్లని భార్యయు, బిడ్డను విడువనొల్లని తల్లియుఁ దమకు రోగము లేకున్నను వెంటఁబోయిన సందర్భము లనేకములు. హవాయి భాషలో వారిని కోకువా యనిరి. తోడ్పడువారని దాని యర్థము. డేమియను పోవువఱకు నచటఁ బ్రేమయే లేనట్లు వ్రాసిన చరిత్రకారులు కొందఱు కలరు. అది న్యాయము గాదు. ప్రేమ యుండెను, కాని తోడువచ్చువారు లేని దిక్కులేనివారును జాలమంది యుండిరి.

1873 వ సంవత్సరమున నచటికి వంతులవారిగాఁ బోవుటకు నలుగురు గురువులు ముందునకు వచ్చిరి. మొదటి వంతు డేమియనునకు వచ్చెను. మే 10 వ తేదీని యాతఁ డచట నడుగుపెట్టెను. తక్కినవారి వంతులు రాకుండఁ దానే నిలిచిపోయెను. ఉండుటకు ఇల్లు లేక, మొదటి రాత్రులు మొగలిజాతి చెట్టొకదాని క్రిందఁ బండుకొనెను.

వ్రణముల దుర్గంధమునకు మొదట నాతని కడుపు త్రిప్పెను. దానినోర్చుటకై పొగాకు గొట్టము త్రాగ నలవాటుచేసికొనెను. క్రమముగా నా యేవగింపు పోయెను. చేమదుంపల నుడికించి దంచి చేసిన ముద్దను అందఱు నొక్క పాత్రనుండి వ్రేళ్లతోఁ దీసికొని తినుట యా దేశాచారము. తన చేయి కూడ నా పాత్రలోనే పెట్టెను. పుండ్లు కడిగి కట్లు కట్టెను. ఉపదేశము చేయునపుడు వారిని వేఱుగాఁ బెట్టి సంబోధింపక, తన్ను వారిలోఁ జేర్చికొనియే మాటాడుచుండెను.

ఆతఁడు వడ్రంగి పనియందు నేర్పరి. గుడిసెలకు మాఱుగాఁ గొయ్యయిండ్లు కట్టించెను. లోయనుండి గొట్టములతో మంచినీరు రప్పించెను. అనాథ బాలురకును బాలికలకును వసతు లేర్పఱచెను. వాద్యబృందమును గూర్చెను. చనిపోయినవారికిఁ బెట్టెలు స్వహస్తములతోఁ జేసి, గోతులు త్రవ్వెను. శవమును సాగనంపుటకు నొక సంఘము నేర్పఱచెను. వీనిలో నొక్కటియుఁ గుష్ఠువును గుదుర్చునది గాదు. కాని తాను చనిపోయిన దినమునఁ దనవెంట నలుగురు నడచెదరని యెఱిఁగినవాఁడు బ్రదికిన దినములను వేఱు విధముగా గడపును. తలుపు తట్టి పలుకరించు పొరుగువాఁడు కలవాఁడు తన యింటిముందు నాలుగు మొక్కలు నాటుకొనును. డేమియను చేసిన వైద్య మిదియే.

ఆతఁడు లోపములు లేనివాఁడు గాఁడు. మొండివాఁడు, ముక్కోపి. ఆరోగ్యాధికారులతోను దన పైగురువులతోను దగవులాడెను. శుచి విషయమున నజాగ్రత్తగా నుండెను. మరణానంతర మొక పాదిరి యాతనిని నిందింపఁగా, 1890 వ సంవత్సరమున స్టీవెన్సను అను ప్రసిద్ధ గ్రంథకర్త యా లోపముల నొప్పుకొనుచునే యాతని పక్షమున వాదించెను.

1884 వ సంవత్సరము డిసెంబరులో నొకనాఁడు కాగిన నీళ్లలోఁ గాలుపెట్టెను. చర్మము బొబ్బలెక్కెను గాని నొప్పి తెలియలేదు. రోగము తన కంటినదని యెఱిఁగికొనెను. పని మానలేదు. 1889 వ సంవత్సరము ఏప్రిలు 15 వ తేదీని, 49 సంవత్సరముల ప్రాయమున మృతినొందెను. మొదటి రాత్రులు పండుకొనిన చెట్టు క్రిందనే యాతనిని బాతిపెట్టిరి.

ఇచట నొక యనుమానము పుట్టును. రోగితోఁ గలిసి మెలఁగినందుననే గదా యాతనికి రోగము వచ్చినది, కావున దూరముగా నుండుటయే మేలుగదా యని. దీనికి సమాధాన మాతని యనుచరుల చరిత్రమునందే కలదు. 1886 వ సంవత్సరమున వచ్చిన జోసఫు డట్టను నలువది యేండ్లకుఁ బైగా నచటఁ బనిచేసెను. 1888 వ సంవత్సరమున వచ్చిన మరియాను కోపు అను సన్న్యాసిని 1918 వఱకు, అనఁగా మరణించువఱకు, రోగుల మధ్యనే యుండి చేతులు కడిగికొనుటయందుఁ గఠిననియమము పాటించెను. వారి కిరువురకును రోగ మంటలేదు. డేమియను మొలొకాయి చేరిన 1873 వ సంవత్సరముననే నార్వేదేశమున హాన్సెను అను వైద్యుఁ డీ రోగబీజమును గనుఁగొనెను. అది తాఁకినంతమాత్రమున నంటునది గాదనియు, చికిత్సలేని రోగితోఁ జిరకాలము సన్నిహితముగా నుండినప్పుడే సోఁకుననియు, అప్పుడును బెక్కుమంది దేహములు దాని నెదిరింపఁగలవనియు నిప్పుడు తెలిసినది. శుచియు సాన్నిహిత్యమును బరస్పర విరుద్ధములు గావు. రెండును గలిసినదే పూర్ణమైన పరిచర్య.

మొలొకాయి చట్టము 1969 వ సంవత్సరమువఱకు నిలిచెను. ఆ లోపల సుమారు 8,000 మంది యచటికిఁ బంపఁబడిరి. తలుపులు తెఱచినపిమ్మటఁగూడ ననేకులు వెడలిపోలేదు. వారి చుట్టములందఱు నా చోటనే యుండిరి. డేమియను శరీరమును 1936 వ సంవత్సరమున బెల్జియమునకుఁ గొనిపోయిరి. 1995 వ సంవత్సరమున నాతని కుడిచేతిని మాత్రము మరల నా పాతగోరీకిఁ దెచ్చి పాతిపెట్టిరి. 2009 వ సంవత్సరమున నాతని మతసంఘమువా రాతని పుణ్యపురుషులలోఁ జేర్చిరి.

మన దేశమున నేమి జరిగినది? పలు మందులను గలిపి యిచ్చు చికిత్సను 1981 వ సంవత్సరమునఁ బ్రపంచారోగ్యసంస్థవారు విధించిరి. ఆఱు లేక పండ్రెండు నెలలలో నీ రోగము కుదురును. అయినను 1898 నాఁటి కుష్ఠరోగుల చట్టము 2016 వఱకు రద్దుకాలేదు. కుష్ఠువున్న కారణమున భార్యాభర్తలు విడాకులు కోరవచ్చునను నిబంధన 2019 వఱకు మన వివాహచట్టములలో నిలిచియుండెను. దేహమునకు మందు దొరకిన ముప్పదియెనిమిదేండ్లకుఁ గాని చట్టమునకు మందు దొరకలేదు.

చదువరులారా! చట్టము మాఱినది, ఇఁక మాఱవలసినది మన పంక్తి. రోగము కుదిరి యింటికి వచ్చిన చుట్టమునకు వసారాలో వేఱుగా విస్తరి వేయు కుటుంబములు విద్యావంతులలో సైతము కలవు. మొలొకాయిలోఁ జేయవలసిన పని సముద్రములు దాఁటి చేసినవాఁ డొకఁడు కలఁడు. మనము దాఁటవలసినది గడప మాత్రమే. ఆ విస్తరిని దెచ్చి మన ప్రక్కన వేయుదముగాక.