గోదావరి నీళ్లు మోసిన గృహిణి

వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము గావించిన శాసనము 1856లోనే వెలువడినది. అయినను రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరుగుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. శాసనము అనుమతి నీయగలదు గాని, వెలికి వెరవక పెండ్లియింట పొయ్యి రాజవేయగలదా? ఆ పనికి పూనుకొనిన ధీరురాలు కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు.

ఆమె 1851లో రాజమహేంద్రవరము చేరువనున్న కాతేరు గ్రామమున జన్మించిరి. పుట్టింట పెట్టిన పేరు బాపమ్మ. నాటి ఆచారము చొప్పున బాల్యముననే వీరేశలింగము పంతులుగారితో వివాహమయ్యెను. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి యైరి.

పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. అప్పటి వ్యతిరేకత చాలవరకు మాటలతోనే ముగిసినది. 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికి, బాలవితంతువైన గౌరమ్మకు పంతులుగారు వివాహము జరిపించినప్పుడు మాత్రము ఊరంతయు అట్టుడికినట్లు ఉడికినది. బంధువులు రాకపోకలు మానిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు ఆ గడప త్రొక్కలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె నెత్తుకొని గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారందరకు వండి వడ్డించిరి.

వెలి యనునది సభలలో ప్రకటింపబడినను, దాని బలమంతయు నీటిబిందెయందును, విస్తరియందును కలదు. ఆ రెంటిని తమ చేతిలోనికి తీసికొని ఆమె వెలికి కోరలు లేకుండ జేసిరి. నాలుగు దినములకే రెండవ వివాహము జరిగినది. పంతులుగారి జీవితకాలమున అట్టివి దాదాపు 40 జరిగినవి.

పెండ్లి మంత్రములతో ఆమె బాధ్యత తీరలేదు. అయినవారికి దూరమై వచ్చిన ఆ బాలికలకు అన్నము, నీడ, ధైర్యము కావలెను. కడుపున బిడ్డలు లేని ఆ యిల్లాలు వారికి తల్లియై నిలిచిరి. ఆమెకు వేదికపై ఉపన్యసించు పని లేదు. పుట్టింటి ముఖము చూడలేని ఆడుపిల్లకు పుట్టిల్లు కల్పించుటయే ఆమె చేసిన సంస్కరణము.

ఆమె 1910లో కన్నుమూసిరి. పంతులుగారు 1919 వరకు జీవించిరి. సంఘసంస్కరణ చరిత్రను పాఠముగా చెప్పుకొనునప్పుడు పంతులుగారి కలముతోపాటు ఆ నీటిబిందెను గూడ స్మరించుట న్యాయము.